తాబేలు తలుపు

నేను పిరికివాణ్ని. ఈ ముక్క ముందే చెప్పేస్తే మీకూ నాకూ ఇబ్బంది ఉండదు. బల్లి అంటే భయం, వీధికుక్క అంటే భయం, మా నాయన దగ్గితే భయం. బ్యాంకులో ఫారం మీద సంతకం పెట్టాలన్నా చెయ్యి వణుకుతుంది. అలాంటివాణ్ని ప్రేమలో పడ్డాను. పడ్డ రోజు కూడా కేక పెట్టే పడ్డాను.

ఆ పొద్దున ధర్మవరంలో హిందూపురం బండి ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఆ రోజే చేరబోయే కొత్త ఉద్యోగాన్ని తలచుకుని చెమటలు తుడుచుకుంటున్నాను. పెనుకొండలో ఒకమ్మాయి ఎక్కింది. చంకలో పెద్ద మూట. ఎక్కడా చోటు లేదని చూసి, తెచ్చి నా ఒళ్ళో పెట్టేసింది.

"పట్టుకోప్పా ఒక్క నిమిషం. మా అవ్వను ఎక్కించుకొస్తా."

ఆమె అటు తిరగ్గానే మూట ముడి వదిలింది. లోపల్నించి ఆకుపచ్చగా ఏదో జరజరా నా కాళ్ళ మీదికి జారింది. నేను పెట్టిన కేకకు బోగీలో నిద్రపోతున్నవాళ్ళంతా లేచారు. ఎదురుగా ఉన్న పెద్దాయన "పామా? యాడ?" అని కాళ్ళు సీటు మీదికి లాక్కున్నాడు.

ఆ అమ్మాయి వచ్చి చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"వలప్పా అది. చేపలు పట్టే వల. కరవదు."

"సారీ. నేను... ఏమో అనుకుని..."

"పేరేమి?"

"నవనీత్."

"వెన్న! అందుకే ఇట్లా కరిగిపోతాండావు. ఎండ తగలకుండా ఈ పక్కకు జరుగు, మా అవ్వ కూర్చుంటాది."

జరిగాను. వాళ్ళ అవ్వ నరసక్క నా పక్కన కూర్చుని, హిందూపురం వచ్చేదాకా నన్ను జాలిగా చూస్తూనే ఉంది. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో పెట్టుకుంది. నేను కిటికీలోంచి చూస్తున్నట్టు నటించి, అద్దంలో ఆమెనే చూశాను.

గంట తరవాత కంపెనీలో మా ఓనరు నీలావతి మేడం నన్ను కుట్టు షెడ్డులోకి తీసుకుపోయింది. "ఈయన కొత్త క్వాలిటీ ఆఫీసరు. ప్రతి వలా మొదట మంజు చూస్తుంది, తరవాత ఈయన చూస్తాడు."

మంజు ఎవరో చెప్పనక్కర్లేదు కదా. ముప్పై మంది ఆడవాళ్ళ మధ్యలో నిలబడి, "వలకు దడుచుకునే సారు వలలు చెక్ చేస్తాడంటమ్మో" అంది. షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వుకు నాకు భయం వేయలేదు. అదొక్కటే వింత.

*

ఏ దిక్కుకు పోయినా మూడు వందల కిలోమీటర్లు దాటితే గానీ సముద్రం కనబడని ఊరు హిందూపురం. అక్కడ చేపల వలలు కుట్టే కంపెనీ ఏమిటని అందరూ అడుగుతారు. నేనూ అడిగాను.

కారణం రొద్దం వైపు గొర్రెలు మేపే ఇళ్ళ ఆడవాళ్ళు. బీళ్ళలో మందను నిలిపినప్పుడు చుట్టూ వల కడతారు. ఆ వలలు అల్లడం, చిరిగితే ముడి వేయడం వాళ్ళకు చిన్నప్పట్నించీ వచ్చు. నీలావతి మేడం ఆ చేతులు చూసే ఇక్కడ షెడ్డు వేసింది.

ఆ ఏడాది వచ్చిన ఆర్డరు మామూలుది కాదు. సముద్రంలో రొయ్యలు పట్టే పెద్ద వలల్లో తాబేళ్ళు చిక్కి, పైకొచ్చి ఊపిరి పీల్చుకోలేక చచ్చిపోతాయి. అందుకని తాబేలు బయటికి పోయే దారి లేని వలతో పట్టిన రొయ్యలు మాకొద్దని అమెరికా కొన్నేళ్ళ కిందే మన సముద్రపు రొయ్యల్ని ఆపేసింది. ఇప్పుడు ఆ దారి ఉన్న వలలు కావాలి. వల గొంతులో ఏటవాలుగా ఒక ఇనుప చట్రం. రొయ్యలు కమ్మీల మధ్య నుంచి లోపలికి పోతాయి. తాబేలు కమ్మీలకు తగిలి, పైకి జారి, వలకు కోసిన పెద్ద కంత లోంచి బయటపడుతుంది. ఆ కంత మీద వలగుడ్డతో ఒక రెక్క. ఒక అంచు కుట్టి, మిగతా మూడంచులూ వదిలేయాలి. మా షెడ్డులో దాన్ని తాబేలు తలుపు అనేవాళ్ళు.

"సారు సముద్రం చూసినాడా?" అంది మంజు ఒకరోజు, టేపు నా చేతికిస్తూ.

"రెండుసార్లు."

"ఎట్లుంటాది?"

"చెప్పుల దగ్గర కాపలా ఉన్నా. సరిగా కనపళ్ళా."

నవ్వి నవ్వి ఆమె కళ్ళలో నీళ్ళు వచ్చాయి. "నన్ను తోడు తీసుకుపో. చెప్పులు నేను చూసుకుంటా, నువ్వు సముద్రం చూద్దువు."

ఆ మాట పట్టుకుని నేను వారం బతికాను. ప్రతి వలకూ ఒక కార్డు ఉండేది. పైన మంజు సంతకం, కింద నాది. అరవై వలలు, అరవై కార్డులు. శుభలేఖ ప్రూఫు చూసుకున్నట్టు రోజూ చూసుకునేవాణ్ని. ఆమెకు చెప్పాలని నోటిదాకా వచ్చేది. వచ్చి, మళ్ళీ లోపలికి పోయేది.

*

జులైలో ఒక బుధవారం. పొద్దున పదకొండింటికి కదిరప్ప లారీలో అరవై వలలూ వెళ్ళిపోయాయి. శుక్రవారం అమెరికా నుంచి తనిఖీవాళ్ళు హార్బరుకు వస్తున్నారు. వాళ్ళు సరే అంటే అక్కడి పడవలన్నిటికీ మా వలలే. కాదంటే ఆ హార్బరు రొయ్యకు మళ్ళీ తాళం.

మధ్యాహ్నం అన్నాల దగ్గర నరసక్క నా చేతిలో సద్ద రొట్టె పెట్టింది, మీద శెనక్కాయల చట్నీ. కళ్ళు సరిగా ఆనక, ఈ ఆర్డరు రాకముందే ఆమెను కుట్టు నుంచి ప్యాకింగుకు మార్చారు.

"ఏమప్పా, చదువుకున్నోళ్ళు కదా మీరు. అంత పెద్ద బొక్క పెట్టి వలలు పంపిస్తాండారే. నేను చూసుకోబట్టి సరిపాయ."

నాకు అర్థం కాలేదు. మంజు చేతిలో ముద్ద ఆగింది.

"చూసుకోబట్టి అంటే ఏందవ్వా?"

"ఏముండాది? మడతేసేటప్పుడు ఆ రెక్కకు అంచు పొడుగునా ముళ్ళేసినా. ఒక్కోదానికి నాలుగు. గట్టి ముళ్ళు."

"అన్నిటికీనా?"

"ఒక్కటి వదిల్తే మటుకు ఊరుకుంటాదా తోడేలు?" అవ్వ గొంతు తగ్గింది. "రొద్దం బీట్లో ఒక్క మూర బొక్కకు పదకొండు పిల్లలు పోయినాయి మంజూ. నేను పండుకున్న తావ నుంచే దూరింది. తెల్లారి లేచి చూస్తే... ఇప్పటికీ వలకు బొక్క కనపడితే నా చేతులు గమ్మునుండవు."

తాబేలు తలుపు సంగతి మేడం మీటింగు పెట్టి అందరికీ చెప్పింది. ఆ రోజు అవ్వ మొక్కు తీర్చుకోవడానికి కదిరి పోయింది. తరవాత ఆమెకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ప్యాకింగులో కూర్చునే ముసలమ్మకు తలుపులతో పనేమిటి అనుకున్నాం.

మంజు లేచి చెయ్యి కడుక్కుంది. నేనూ వెనకే పోయాను. కుళాయి దగ్గర ఆమె మొహం చూశాను. ఎప్పుడూ నవ్వే పిల్ల పెదవులు తెల్లబడిపోయాయి.

"మూసేసింది," అంది. "అరవై తలుపులూ మూసేసింది. కార్డు మీద నా సంతకం ఉండాది."

"నాది కూడా."

"మేడంకు తెలిస్తే అవ్వను ఉంచదు. నన్నూ ఉంచదు. అవ్వకు ఈ పని పోతే మళ్ళా యాడికి పోతాది, ఈ కళ్ళతో?"

కదిరప్పకు ఫోన్ చేశాను. స్టీరింగు పట్టుకుంటే అతను ఫోన్ ఎత్తడు. ఎనిమిదోసారికి ఎత్తాడు.

"ధర్మవరంలో ఉండాను. చీరల బేళ్ళు ఎక్కించుకోని నాలుగున్నరకు పోతా."

"అన్నా, కొంచెం ఆగు. వలల్లో చిన్న పని ఉండాది."

"ఓనరుతో ఫోన్ చేయించు, ఆగుతా."

పెట్టేశాడు. మంజు నా మొహం చూసింది, నేను ఆమె మొహం చూశాను. మేడంకు చెప్పే ధైర్యం ఇద్దరిలోనూ లేదు.

"మన షెడ్డులో హేమావతి స్కూటీ ఉండాది," అంది మంజు. "తలనొప్పని చెప్పి బయటికి రా. నేను గేటు తావ ఉంటా."

"నాకు బండి నడపడం..."

"నిన్నెవరు నడపమన్నారు? వెనక కూర్చో."

*

ప్రేమించిన అమ్మాయి వెనక స్కూటీ మీద, వానలో, ఎనభై కిలోమీటర్లు. వినడానికి ఎంత బాగుందో! మా సీమలో చుక్క కోసం మబ్బుల్ని బతిమాలుకుంటాం. ఆ రోజు మాత్రం పాలసముద్రం దాటగానే అడక్కుండానే కుమ్మరించింది.

లారీలు పక్కనుంచి పోతుంటే నేను కళ్ళు మూసుకున్నాను. పట్టుకోవడానికి ఆమె భుజం పట్టుకోవాలా, వెనక కమ్మీ పట్టుకోవాలా అని పెనుకొండ దాకా తేల్చుకోలేకపోయాను. కొండ కనబడేసరికి ఒక గుంత వచ్చింది. భుజమే పట్టుకున్నాను.

"గోర్లు గుచ్చుకుంటాండాయి సారూ."

"సారీ."

"వదలద్దులే. పడతావు."

అద్దంలో ఆమె కళ్ళు ఒక్క క్షణం నా వైపు వచ్చి మళ్ళీ రోడ్డు మీదికి పోయాయి. వాన నీళ్ళా, ఏడుస్తోందా తెలియలేదు. అడగాలనిపించింది. అడిగితే ఔనంటుందేమోనని భయం వేసి అడగలేదు.

మూడున్నరకు ధర్మవరం చేరాం. కదిరప్ప లారీ ఆగిన ట్రాన్స్‌పోర్టు షెడ్డు మా నాయన పట్టుచీరల కొట్టు వెనకే. వలలు లారీలో అడుగున ఉన్నాయి. కదిరప్ప మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయి, కాళ్ళావేళ్ళా పడితే ఆరు దాకా టైమిచ్చాడు. మొదటి వల కిందికి లాగి, మంజు ముడి మీద వేలు పెట్టి చూసి తల ఎత్తింది.

"మంద ముడి. లాగే కొద్దీ బిగుస్తాది. కత్తెర పెడితే పక్కనున్న వల కన్ను తెగుతాది. ఒక్క కన్ను తెగినా వల ఫెయిలే కదా."

"ఒక్కొక్కటి విప్పాలంటే?"

"నాకు నిమిషం. నీకు..." నా వేళ్ళ వైపు చూసి ఊరుకుంది.

అరవై వలలు, ఒక్కోదానికి నాలుగు, మొత్తం రెండు వందల నలభై ముళ్ళు. సాయం అడగడానికి ఒక్క చోటే ఉంది, ముప్పై అడుగుల దూరంలో. చెప్పాను కదా, మా నాయన దగ్గితేనే నాకు భయమని. కొట్టు కాదని వలల కంపెనీలో చేరినప్పట్నించీ మా నాయన వెంకటేశ్వర్లు నాతో మాట్లాడటం లేదు. ఏం కావాలన్నా మా అమ్మ భానుమతి ద్వారానే.

తడిసిన బట్టలతో గద్దె ముందు నిలబడ్డాను. కొట్లో ఇద్దరు బేరగాళ్ళు కూడా ఉన్నారు.

"నాయనా."

తల ఎత్తలేదు.

"తప్పు జరిగింది. వలలకు పడకూడని ముళ్ళు పడినాయి. విప్పకపోతే..." గద్దె అంచు పట్టుకున్నాను. "నాకు భయంగా ఉండాది నాయనా."

అప్పుడు ఎత్తాడు తల. ఇరవై ఆరేళ్ళలో ఆ మాట ఆయనతో అనడం అదే మొదటిసారి. నన్ను చూశాడు, నా వెనక గుమ్మంలో నీళ్ళు కారుతూ నిలబడిన మంజును చూశాడు. లోపలికి తిరిగి గట్టిగా పిలిచాడు.

"భానూ! ఈరక్కను పిల్చుకోని రా. సూదులు తెమ్మను."

ఈరక్క మా కొట్లో చీరల్లో చిక్కుబడ్డ పోగులు సరిచేసే మనిషి. పట్టుపోగు తెగకుండా చిక్కు తీయడంలో ధర్మవరంలో ఆమె తరవాతే ఎవరైనా. బేరగాళ్ళను పంపించేసి, చీరలు పరిచే చాప మీద వలలు పరిచారు. మా అమ్మ, ఈరక్క, మంజు, నేను చుట్టూ కూర్చున్నాం. నాయన నిలబడి చూస్తున్నాడు. మంజు ఒక ముడి విప్పి చూపించింది. మా అమ్మ రెండో ముడికే కిటుకు పట్టేసింది.

"ఎవురమ్మాయివి?" అంది సూది ఆపకుండా.

"మాది రొద్దం తావ పల్లెమ్మా."

"మావాడు నీ గురించి చెప్పనే లేదే."

"చెప్పేదానికి ఏముండాదమ్మా?"

"ఏమీ లేకుంటే వాడు వాళ్ళ నాయన ముందుకు వస్తాడా?"

మంజు తల వంచేసుకుంది. నాకు చెవులు వేడెక్కాయి. ఆ భయంలో కూడా చెవులు వేడెక్కడం ఆగలేదు.

ఐదు కొట్టేసరికి నలభై వలలు అయ్యాయి. వానకు నానిన మూటలో ముళ్ళు మరీ బిగుసుకుపోయి, సూది దూరడం లేదు. కిటుకు అడుగుదామని మంజు అవ్వకు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది.

"తడిసినాయా? ఉప్పు రుద్ది వెనక్కు నెట్టు, వస్తాది," అంది అవ్వ. "ఏమిటికి విప్పుతాండావే అన్నీ?"

"పని ఉండాదిలే అవ్వా."

"అయితే ముందు పంపిన నాలుగింటికీ? వాటికి ఇంగా గట్టిగా ఏసినా. అవీ విప్పుతావా?"

మంజు చేతిలో సూది కింద పడింది.

ఆ నాలుగూ పది రోజుల కింద హార్బరుకు పార్సిల్ పంపినవి. ట్రయల్ కోసం. బుధవారం నాలుగు పడవలకు కట్టి సముద్రంలోకి పంపిస్తామని ఎగుమతిదారుల సంఘం తరఫున అక్కడ పని చూసుకునే శైలజ మేడం మెసేజ్ పెట్టింది. బుధవారం అంటే ఇవాళే. అవి ఇప్పుడు నీళ్ళలో ఉన్నాయి. వాటి తలుపులు మూసుకుని ఉన్నాయి.

నేను ఫోన్ తీశాను. మంజు నా చెయ్యి పట్టుకుంది. అప్పటిదాకా నా చెయ్యి ఆమె పట్టుకోవడం ఎన్నిసార్లు ఊహించుకున్నానో! ఇలా మాత్రం ఊహించుకోలేదు.

"చెప్పద్దు నవనీత్."

మొదటిసారి పేరు పెట్టి పిలిచింది.

"తాబేలు పడిందో లేదో మనకు తెలీదు కదా. సాయంత్రం పడవలొచ్చినాక రేపు ఎట్లనో విప్పిస్తాం. ఇప్పుడు చెప్పితే మేడంకు పోతాది. అవ్వ పేరు పోతాది. నీ కాళ్ళు మొక్కుతా."

రైలెక్కి మూట నా ఒళ్ళో పడేసిన పిల్ల, షెడ్డంతా నవ్వించిన పిల్ల, వానలో ఎనభై కిలోమీటర్లు బండి తోలిన పిల్ల గజగజ వణికిపోతోంది. ఆమెను అలా చూస్తే ఏమైనా ఇచ్చేయాలనిపించింది. మౌనంగా ఉండటం నాకు చేతకాని విద్య కూడా కాదు. జన్మంతా చేసింది అదే.

కానీ నాకు నీళ్ళ అడుగున ఆ జీవం కనబడుతోంది. కమ్మీలకు తగిలి, పైకి జారి, దారి ఉండాల్సిన చోట అవ్వ ముడి తగిలి, తలతో పొడుస్తూ ఉంటుంది. ఎంతసేపు పొడుస్తుంది?

"నా కార్డు మీద నా సంతకం ఉండాది మంజూ," అన్నాను. నంబరు నొక్కాను.

వేళ్ళు ఎంత వణికాయంటే మొదటిసారి తప్పు నంబరు వెళ్ళింది. రెండోసారి శైలజ మేడం ఎత్తింది. ఉన్నదున్నట్టు చెప్పాను. ప్యాకింగులో తలుపులు ముడిపడ్డాయి, చెప్పనిది మా తప్పు, చూడనిది నా తప్పు, నాలుగు వలలూ వెంటనే పైకెత్తాలి. "వైర్‌లెస్‌లో చెప్తా," అని పెట్టేసింది. అదే ఊపులో నీలావతి మేడంకు కూడా చేశాను. ఊపు పోతే మళ్ళీ చేయలేనని తెలుసు. ఆమె అన్నీ విని, "రేపు పొద్దున ముగ్గురూ ఆఫీసుకు రండి" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మంజు కింద పడిన సూది తీసుకుని, మిగిలిన ముళ్ళు విప్పడం మొదలుపెట్టింది. నా వైపు చూడలేదు.

ఆరు దాటినాక లారీ వెళ్ళిపోయింది. ఆ తరవాత ఫోన్ చాప మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. మా అమ్మ కాఫీలు పెట్టింది, ఎవరూ తాగలేదు. నాయన కొట్టు మూయకుండా గద్దె మీదే ఉన్నాడు. ఫోన్ కదిలినప్పుడల్లా అందరం దాని మీదికి వంగాం. ఒకసారి గ్యాసు కంపెనీ, ఒకసారి రీచార్జి.

ఏడుంబావుకు వీడియో వచ్చింది.

మూడు వలల్లో ఏమీ లేదు. నాలుగో వలలో ఉంది. పడవ చెక్కల మీద, వెనక కాళ్ళు ఎత్తుగా పెట్టి బోర్లా పడుకోబెట్టారు. చాటంత తాబేలు. కదలడం లేదు. ఎవరో దాని మీద తడిగుడ్డ వేస్తున్నారు. వీడియో అక్కడ ఆగిపోయింది. మంజు మోకాళ్ళలో తల దాచుకుంది.

రెండో వీడియో ఇరవై నిమిషాలకు వచ్చింది. ఆ ఇరవై నిమిషాల సంగతి నన్ను అడక్కండి. అందులో తాబేలు నోరు తెరిచి ఊపిరి లాగింది. అందరూ కలిసి అంచుదాకా మోసి నీళ్ళలోకి వదిలారు. కింద శైలజ మేడం రాసింది: "మరో అరగంట ఆలస్యమైతే పోయేది."

మంజు ఏడ్చింది, నోరు మూసుకోకుండా, చిన్నపిల్లలా. మా అమ్మ ఆమెను దగ్గరకు తీసుకుంది. నాకు తీసుకోవాలనిపించింది. నాయన అక్కడే ఉన్నాడు.

*

మరుసటి రోజు నీలావతి మేడం తీర్పు చెప్పింది. ఇక మీద వలల్ని మడతేసినాక కూడా ఒకసారి చెక్ చేయాలి. నాకూ మంజుకూ హెచ్చరిక లెటర్లు. నరసక్కను పనిలోంచి తీసేసింది.

"నేను చెప్పకపోవడం నా తప్పు, ఒప్పుకుంటా. కానీ హార్బరువాళ్ళకు నేనేదో చేశానని చూపించాలి," అంది మేడం. అది న్యాయం కాదని నాకు తెలుసు. అన్నాను కూడా, సన్నగా. వినలేదు.

అవ్వ టిఫిను గిన్నె తీసుకుని గేటు దాటింది. నేను ఫోన్ చేయకపోతే ఆ గేటు దాటేది కాదు.

శుక్రవారం తనిఖీ బాగానే జరిగిందన్నారు. కంపెనీలో మిఠాయి పంచారు. నేను తినలేదు. మంజు రైల్లో ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కడం మొదలుపెట్టింది. షెడ్డులో కార్డు నా టేబులు మీద పెట్టి వెళ్ళిపోయేది. ఆ తొమ్మిది రోజులూ పెనుకొండ స్టేషను వస్తోందంటే నాకు చేతులు చల్లబడేవి. ఆమె కనబడుతుందేమోనని ఒక భయం, కనబడదేమోనని ఇంకో భయం.

పదో రోజు ఆదివారం. నేను కొట్లో నాయన పక్కన చీరలు మడతపెడుతున్నాను. అవును, ఆ రోజు తరవాత మాకు మాటలు వచ్చాయి. రోజుకు నాలుగైదు.

గుమ్మంలో నరసక్క. వెనకాల, చెయ్యి వదిలితే పారిపోయేలా, మంజు.

"రామ్మా, కూర్చో," అన్నాడు నాయన. "ఏం చూపించాల? పట్టా, కాటనా?"

"చీర కాదప్పా," అంది అవ్వ చాప మీద కూర్చుంటూ. "మీ పిల్లోన్ని చూద్దామని వచ్చినా. మా పిల్లకు."

నా చేతిలో చీర జారి కింద పడింది. మంజు "అవ్వా!" అని చెయ్యి లాగింది. అవ్వ వినలేదు.

"మావి గొర్రెలు మేపే ఇండ్లు. మీరు కోమట్లు. తెలవక రాలేదు. ఆ రోజు నుంచి ఇది కూడు తినడం లేదు. నా పని పోయిందని కాదంట. నేను అడిగితే చెప్పింది. ఆ వీడియో కూడా చూపించింది." అవ్వ నా వైపు తిరిగింది. "ఇదాప్పా ఆ తలుపులో పోయేది? నేను లోపలికొచ్చేదాని గురించే భయపడితిని. బయటికి పోయే జీవం ఒకటుంటాదని ఎవురూ చెప్పకపోతిరి. నా చేతితో చంపుండేదాన్ని. నీ పుణ్యాన తప్పింది."

నాయన దగ్గాడు. నాకు ప్రాణం పోయినంత పనైంది.

"వంద ముళ్ళు విప్పిందమ్మా ఆ పిల్ల, నేను నిలబడి చూసినా," అన్నాడు చివరికి. "ఒక్క పోగు తెగనియ్యలా. మా కులంలో ఏమంటారో నాకు తెలుసు. నాకూ కొంచెం భయంగానే ఉండాది." లోపలికి తిరిగాడు. "భానూ, కాఫీ పెట్టు. ఐదుగురికి."

నాయన అవ్వను లోపలికి తీసుకుపోయాడు. కొట్లో మేమిద్దరం. నేను కింద పడిన చీర తీయడానికి వంగాను. మంజు కూడా వంగింది.

"నేను ఫోన్ చేసినందుకు కోపం అనుకున్నా," అన్నాను.

"నీ మీద కాదు." ఆమె చీర మడత మీద చెయ్యి పెట్టి, చెయ్యి వైపే చూస్తూ మాట్లాడింది. "ఫోన్ నేను చేసుండాల్సింది. నిన్ను కూడా ఆపితి. నా మాట నువ్వు వినుంటే ఆ జీవం చచ్చుండేది. ఇంగ నీ మొగం చూసేదానికి సిగ్గయింది."

"నాకు ఆ రోజు నీకంటే భయమేసింది మంజూ."

"తెలుసు. చేతులు వణుకుతాంటే చూసినా. అయినా చేస్తివి." చీర మడత సర్దింది. "అందుకే నువ్వంటే నాకు..."

ఆగిపోయింది. మూడు నెలలుగా నా నోటిదాకా వచ్చి వెనక్కు పోతున్న మాట ఇప్పుడు ఆమె నోటి దగ్గర ఆగి ఉంది. నేను చెప్పేశాను. ఎలా చెప్పానో గుర్తు లేదు, తడబడ్డాననీ, మధ్యలో చీర పేరేదో కూడా వచ్చిందనీ మంజు ఇప్పటికీ అంటుంది.

ఆమె నవ్వలేదు. ఆమె చెయ్యి నా చేతి మీదికి వచ్చింది. చల్లగా ఉంది, సన్నగా వణుకుతోంది.

"భయపడుతుండావా?" అన్నాను.

"ఉండాది భయం. మీ వాళ్ళంటే, మా వాళ్ళంటే, రేపంటే, అన్నిటికీ," అంది మంజు. "అయినా వచ్చినా కదా."